ఒప్పుకున్నవాళ్ళ జాబితా

నేను ముప్పై మూడో ఏట రిటైరయ్యాను. నమ్మకం లేకపోతే మా ఇంటికొచ్చి చూడండి. పొద్దున పదింటికి బనీనుతో కుర్చీలో కూర్చుని, పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతూ, మధ్యమధ్యలో దేశాన్ని తిడుతుంటాను. రిటైరైనవాడికి ఇంతకన్నా ఏం లక్షణాలు కావాలి? అందరినీ వయసు రిటైర్ చేస్తుంది. నన్ను ఒక రంగు చేసింది.

గల్ఫ్‌కి పోదామని పాస్‌పోర్టు ఫొటోలు దిగుతున్న తమ్ముళ్ళకు ఆ రంగు గురించి చెప్పాలి. సౌదీలో నితాఖత్ అని ఒక పద్ధతి ఉంది. కంపెనీలో ఆ దేశంవాళ్ళు ఎంతమంది, మనలాంటి బయటివాళ్ళు ఎంతమంది అని చూసి కంపెనీకి ఒక రంగు ఇస్తారు. ఆకుపచ్చ అయితే క్షేమం. పసుపు అయితే కంగారు. ఎరుపు అయితే ఎవరి ఇఖామా కూడా రెన్యూవల్ కాదు. ఇఖామా అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, అది లేనివాడు ఆ దేశంలో ఉన్నట్టే కాదు. దానికి తోడు లెవీ: బయటి మనిషి ఒక్కో తలకు కంపెనీ కట్టాల్సిన సుంకం. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలకు ఉద్యోగాలు కావాలి. అందులో నాకేం తగాదా లేదు. నా తగాదా వేరే. కోపం తగ్గాక రాద్దామని మూడేళ్ళు ఆగాను. తగ్గలేదు. ఇక రాసేస్తున్నాను.

అల్ ఖోబర్‌లో పెద్ద పెద్ద భవనాలకు ఏసీలు, కరెంటు, నీళ్ళు చూసుకునే మెయింటెనెన్స్ కంపెనీ మాది. అందులో నేను సేఫ్టీ కోఆర్డినేటర్ని. ఆ పేరు విని మా అమ్మ నేనేదో పోలీసునయ్యాననుకుంది. చేసేది రెండు పనులు. పొద్దున పని మొదలయ్యే ముందు మా తెల్ల మేనేజరు ఇంగ్లిషులో చెప్పే నాలుగు మంచి మాటల్ని మనవాళ్ళకు తెలుగులో, మిగతావాళ్ళకు హిందీలో చెప్పడం ఒకటి. పనిలో తప్పు జరిగినా, ప్రమాదం త్రుటిలో తప్పినా వాళ్ళు రాసిచ్చే కార్డులను కంప్యూటర్లోకి ఎక్కించడం రెండోది. తర్జుమాలో కాస్త మసాలా వేసేవాణ్ణి. ఆయన "నీళ్ళు ఎక్కువ తాగండి" అంటే నేను "నీళ్ళు తాగండి, ఫ్రీగా దొరికేది అదొక్కటే" అనేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. తన మాటలకే నవ్వారనుకుని ఆయనా నవ్వేవాడు. అందరం సుఖంగా ఉండేవాళ్ళం.

ఈ మేనేజరు మంచివాడు. ఈ ముక్క రాయడానికి నాకు కష్టంగానే ఉంది. చెడ్డవాడైతే ఈ కథ అర పేజీలో అయిపోయేది. ఉత్తర యూరప్‌లో ఏదో చలిదేశం ఆయనది. మా దగ్గరికొచ్చి కింద కూర్చుని మా అన్నమే తినేవాడు, చెమటలు కక్కుతూ. ఎండకు సొమ్మసిల్లిన బెంగాలీ హెల్పర్ని ఒకసారి తన కార్లోనే ఆసుపత్రికి తీసుకుపోయి, సీటు పాడైనా పట్టించుకోలేదు. ఒక రోజు నాతో అన్నాడు: "నాకు మతం లేదు. మా ఇంట్లో అది మా తాతతోనే అయిపోయింది. నాకున్నవి విలువలు." ఆ విలువలు ఐదు. హెడ్డాఫీసు వాటిని బోర్డు మీద అచ్చువేయించి పంపింది. ప్రతి మనిషి విలువా ఒక్కటే. బలహీనుణ్ణి ముందు చూసుకో. నాయకుడంటే సేవకుడు. పరాయివాణ్ణి సొంతవాడిలా చూడు. తప్పు జరిగితే దాచకుండా చెప్పు, నిజం చెప్పినవాడికి శిక్ష ఉండదు. కింద మేనేజరు సంతకం.

నేను వాటిని తర్జుమా చేసిన రోజు బస్సులో క్యాంపుకు వస్తుంటే మా ఫోర్‌మన్ పక్కన కూర్చున్నాడు. అందరం పెద్దాయన అనేవాళ్ళం. ప్రకాశం జిల్లా మనిషి, ఆ దేశంలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. వాళ్ళ నాన్న ఊళ్ళో రేకుల షెడ్డు చర్చిలో వాక్యం చెప్పేవాడు. ఈయన శుక్రవారం సెలవు పూట తన మంచం మీద కూర్చుని, పెదవులు కూడా కదపకుండా ప్రార్థన చేసుకునేవాడు.

"ఏందబ్బాయ్, ఆ ఐదు విలువలు ఎక్కడివో తెలుసా నీకు?" అన్నాడు.

"హెడ్డాఫీసువి."

"హెడ్డాఫీసువి కాదు. మావి."

"పేటెంటు తీస్కున్నరా మరి? లేకుంటే ఎవలన్న ఎత్కపోతరు."

"ఎత్తుకుపోయి శానా కాలమైంది. నవ్వమాక, విను. రోము రాజ్యంలో బలమున్నోడే మనిషి. బానిసంటే మనిషి కాదు, సామాను. పుట్టిన బిడ్డ వద్దనుకుంటే చెత్తకుప్ప మీద పెట్టొచ్చేవాళ్ళు, అది తప్పని ఎవరికీ తోచేది కాదు. ఊళ్ళో జబ్బు పడితే సొంతవాళ్ళే వదిలేసి పారిపోయేవాళ్ళు. అప్పుడు కొంతమంది పిచ్చోళ్ళు బయల్దేరారు. పారేసిన బిడ్డల్ని ఏరుకొచ్చుకున్నారు. రోగుల దగ్గర కూర్చున్నారు. బానిసనీ, దొరనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకే రొట్టె తుంచి పెట్టారు. గొప్పోళ్ళందరూ నవ్వారు వాళ్ళని చూసి. ఇప్పుడు ఈయన అదే ముక్క బోర్డు మీద రాసి, మనిషన్నోడికి పుట్టుకతోనే తెలుసన్నట్టు చెప్తున్నాడు. పుట్టుకతో ఎవరికి తెలుసయ్యా? ఎవరో నేర్పారు. నేర్పినోళ్ళ పేరు మర్చిపోయారు, అంతే."

ముందు సీట్లోంచి ఒక తల వెనక్కి తిరిగింది. జగిత్యాల దగ్గరి మనిషి, ఏసీ టెక్నీషియన్. నాకు అన్న వరస. "గట్లనా పెద్దాయనా? మరి తెల్లోళ్ళు మనల్ని ఏల అచ్చినప్పుడు గా ముచ్చటంత ఇంట్ల మర్శిపెట్టి అచ్చిన్రా?"

బస్సంతా నవ్వు. పెద్దాయనకు కోపం రాలేదు. "నువ్వడిగింది న్యాయమే. అంతదూరం ఎందుకు, మా ఊరి రేకుల చర్చిలోనే రెండు చాపలుండేవి, ఈ కులమోళ్ళకొకటి, ఆ కులమోళ్ళకొకటి. వాటిని ఒక్క చాప చెయ్యడానికి మా నాయన పదేళ్ళు తిట్లు తిన్నాడు. తెలియటం వేరు, చెయ్యటం వేరు."

వెనక సీట్లో ఉన్న హైదరాబాదీ భాయ్, మా హెచ్‌ఆర్‌లో ఇఖామా కాగితాలు చూసే మనిషి, ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు: "తప్పు ఒప్పుకునుడు మాకు భీ ఉంది పెద్దాయనా. తౌబా అంటం. గానీ మేం అల్లాకు చెప్తం, మేనేజర్‌కు చెప్పం."

"అదే నా భయం కూడా," అన్నాడు పెద్దాయన. "ఆ ఐదోది ఉంది చూడు. తొలినాళ్ళల్లో సంఘం మొత్తం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేవాళ్ళంట. ఐతే అది సగమే. ఒప్పుకున్నోడి చెయ్యి పట్టుకుని మళ్ళీ బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సిన పూచీ విన్నోళ్ళది. చెప్పేవాడి కన్నా వినేవాడికే బరువు. ఈయన దగ్గర మొదటి సగానికి కార్డుంది. రెండో సగానికి ఏముంది?"

"ఎక్సెల్ షీటుంది," అన్నాను.

మళ్ళీ నవ్వు. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అక్షరాలా నిజమైంది అదొక్కటే.

ఇప్పుడు తాళాల సంగతి. పెద్ద ఏసీకి గాలి తోసే ఫ్యాను ఒక గది అంత ఉంటుంది. బెల్టు మార్చాలంటే మనిషి లోపలికి దూరాలి. దూరే ముందు కరెంటు పెట్టె దగ్గర స్విచ్ కట్టేసి, దానికి తన తాళం తనే వేసి, చెవి తన జేబులోనే పెట్టుకోవాలి. మనిషి బయటికొచ్చి తన చేత్తో తీస్తే తప్ప ఫ్యాను తిరగదు. ఒక్కో తాళానికి రెండు చెవులొస్తాయి. రెండోది ఆఫీసులో అప్పగించాలని నియమం.

మనవాళ్ళు అప్పగించలేదు. రెండో చెవి తమ మండలంవాడికి ఇచ్చుకున్నారు. గదిలో సబ్బు ఒకటే, పప్పు గిన్నె ఒకటే, ఇంటికి పంపే డబ్బు కూడా ఒకడు వెళ్ళి పది మందిది పంపుతాడు. తాళంచెవి ఒక్కటి దాచుకోవడం వాళ్ళకు మర్యాదగా తోచలేదు. నేను మధ్యలో టీకి పోతే నువ్వు తియ్యి, నువ్వు పోతే నేను తీస్తా. నమ్మకానికి గుర్తుగా చెవులు మార్చుకున్నారు. ప్రపంచంలో ఏ సేఫ్టీ పుస్తకమూ ఊహించని ప్రమాదం ఇది: మరీ ఎక్కువ స్నేహం.

ఒక మధ్యాహ్నం జగిత్యాల అన్న తన ఊరివాడి తాళం తీసి స్విచ్ వేశాడు. ఊరివాడు టీకి వెళ్ళాడనుకున్నాడు. ఊరివాడు లోపలే ఉన్నాడు. ఫ్యాను ఒక చుట్టు తిరగబోయేసరికి అతను తలుపులోంచి బయటికి దూకాడు. భుజం మీది తువ్వాలను బెల్టు లాక్కుని పీలికలు చేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఎవరూ చూడలేదు. ఇద్దరూ కాసేపు కింద కూర్చుని, ఒకరినొకరు తిట్టుకుని, పీలికలు పారేసి పనిలోకి పోయారు.

నాలుగు రోజుల తర్వాత అన్న వంటగదిలో నా పక్కన నిలబడి ఉల్లిగడ్డ కోస్తూ చెప్పాడు. "తమ్మీ, మనసు నిలుస్తలేదు. బువ్వ ముంగట కూసుంటే గా తువాల కండ్లల్ల మెదులుతున్నది. గా తువాల జాగల గాడుంటే? ఆని పిల్లలకు ఏం జెప్తుంటి నేను?"

"కార్డు రాయి అన్నా. అందరి కాడ గియ్యే చెవులున్నయి. రేపు ఇంకెవలో సచ్చిపోతరు."

"రాస్తే నన్ను ఎల్లగొడితే? నా సంగతి నీకెర్కనే గదా."

ఎరుకే. ఆయన తమ్ముడు ఉనైజాలో ఖర్జూరపు తోటలో పనిచేసేవాడు. కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, ఏదో మాట మాట వచ్చింది. కఫీల్ హురూబ్ పెట్టాడు, అంటే పనిమనిషి పారిపోయాడని సర్కారులో రాయించాడు. ఆ మాట పడ్డవాడు బయట కనిపిస్తే జైలు. దేశం విడిచి పోదామన్నా ఎగ్జిట్ ముద్ర కొట్టేవాడుండడు. తమ్ముడికి అరబీ రాదు, కాగితం చదవడం రాదు. అన్నే నెలకోసారి బస్సెక్కి ఉనైజా పోయి లేబర్ ఆఫీసులో కేసు నడిపిస్తున్నాడు. అన్న ఆ దేశంలో ఉంటేనే తమ్ముడు ఆ దేశం నుంచి బయటపడతాడు. అన్నను పంపేస్తే తమ్ముడు తోటలోనే ఉండిపోతాడు, ఎవరికీ కనపడకుండా.

"అన్నా, సంతకం ఉన్నది. నిజం చెప్పినోనికి శిక్ష లేదని బోర్డు మీద సంతకం పెట్టిండు. తెల్లాయన మాట తప్పే మనిషి గాదు," అన్నాను.

పెద్దాయనను అడిగాం. ఆయన చాలాసేపు ఆలోచించి, "చెప్పు. ఇంకొకడి ప్రాణం సంగతి ఇది. భయమేసినా చెప్పు," అన్నాడు. అన్న చెప్పాడు.

ఇక్కడ నా వాటా తప్పు కూడా రాయాలి. కార్డు మీద "పేరు మీ ఇష్టం" అని ఉండేది. మేనేజరుకు పేర్లుంటే ఇష్టం. "పేరు రాసినవాడు బాధ్యత తీసుకున్నట్టు," అనేవాడు. ఆయన మెచ్చుకుంటాడని నేను పేరులేని కార్డుల వెంటపడి, చేతిరాత గుర్తుపట్టి, అడిగి, బుజ్జగించి, పేర్లు రాబట్టి, షీటులో ఒక కాలమ్ నింపాను. అడగని పనిని అంత శ్రద్ధగా చేసేవాణ్ణి కంపెనీలు ప్రేమిస్తాయి.

మేనేజరు అన్నను అందరి ముందూ కౌగిలించుకున్నాడు. సర్టిఫికెట్ ఇచ్చాడు. అందరికీ బిర్యానీ తెప్పించాడు. "ఈ మనిషి ఈ రోజు ఒక ప్రాణం కాపాడాడు," అన్నాడు, కళ్ళలో నీళ్ళు నిజంగానే ఉన్నాయి. ఆ సాయంత్రం జనం రెండో చెవులు తెచ్చి బకెట్లో వేశారు. బకెట్ నిండింది. అన్నను చూసి ఇంకా చాలామంది చాలా రాశారు: బెల్టు కట్టుకోకుండా ఎక్కానని, గ్యాస్ మూత సరిగ్గా వెయ్యలేదని. కార్డుల పెట్టె మూత పడనంతగా నిండింది. పని నిజంగా బాగుపడింది. నేను ఆ ఐదో విలువను నమ్మాను. హాస్యమాడేవాడు దేన్నైనా నమ్మితే చూడ్డానికి చాలా అసహ్యంగా ఉంటుంది. ఆ రోజుల్లో నేను అలా ఉండేవాణ్ణి.

తర్వాత లెవీ పెరిగింది. కంపెనీ పసుపులోకి జారింది. ముప్పై మందిని తగ్గించాలని పైనుంచి మాట వచ్చింది. ఎవరిని తగ్గించాలి? ఎవరి ఇష్టం వచ్చినట్టు కాకుండా న్యాయంగా, ఏదో ఒక ఆధారంతో ఎంచాలి. న్యాయం అంటే మా మేనేజరుకు ప్రాణం. ఆధారం కోసం చూశాడు. కంపెనీ మొత్తంలో మనిషి పేరు, తేదీ, చేసిన తప్పు వరసగా ఉన్న కాగితం ఒక్కటే ఉంది. నా షీటు.

ఆ షీటును హెచ్‌ఆర్‌కి పంపిస్తూ నాకు కూడా కాపీ పెట్టాడు. ఎంత పారదర్శకతో చూడండి. వెన్నుపోటు కూడా నాకు కాపీ పెట్టే పొడిచాడు.

హైదరాబాదీ భాయ్ నన్ను పక్కకు పిలిచి లిస్టు చూపించాడు. "దేఖో మియా. దొంగలు ఒక్కడు లేడు ఇందుల. పనిదొంగలు లేరు. దాచిపెట్టినోళ్ళు మజాగా ఉన్నరు. అంతా నిజం చెప్పినోళ్ళే." మూడో పేరు జగిత్యాల అన్నది.

అబద్ధాలు చెప్పినవాళ్ళ జాబితా ఏ కంపెనీలోనైనా ఉంటుందా? ఉండదు. అది తయారుచెయ్యడం కుదరదు. నిజం చెప్పినవాళ్ళ జాబితా మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఎందుకంటే నాలాంటి వెధవ ఒకడు కూర్చుని దాన్ని వరసపెట్టి రాస్తాడు.

మేనేజరు గదికి వెళ్ళాను. గోడ మీది బోర్డు పీకి ఆయన బల్ల మీద పెట్టాను. మేకులతో సహా వచ్చింది.

"ఇది మీ సంతకమేనా?"

"కూర్చో," అన్నాడు. "నాకు చాలా బాధగా ఉంది."

"సంతకం మీదేనా?"

"ఇది శిక్ష కాదు. దయచేసి అర్థం చేసుకో. కార్డు రాసినందుకు ఎవరినీ పంపడం లేదు. మనుషుల్ని తగ్గించక తప్పదు. తగ్గించేటప్పుడు భద్రత రికార్డు చూడాలి. అది అందరికీ సమానమైన కొలమానం."

"భద్రత రికార్డు మీకు ఎవరిచ్చారు? వాళ్ళే. మీరు అడిగితే. బిర్యానీ పెట్టి మరీ అడిగారు."

ఆయన తల పట్టుకున్నాడు. "ఈ వారం రోజులుగా నేను నన్ను నేనే అసహ్యించుకుంటున్నాను. ఇది నీకు చెప్పాలనిపించింది. చెప్పాక కాస్త తేలిగ్గా ఉంది. నువ్వు నన్ను అర్థం చేసుకుంటావు కదా?" అన్నాడు.

అప్పుడు నాకు కోపం పూర్తిగా వచ్చింది. అప్పటిదాకా వచ్చింది రిహార్సల్. ఈ మనిషి నా ముందు తప్పు ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకుని, శిక్ష లేకుండా, గుండె తేలిక చేసుకుని, సాయంత్రం సముద్రం ఒడ్డున నడకకు పోతాడు. ఒప్పుకుంటే తేలికవుతుందని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళ తాతల నుంచి అలవాటు. ఆ పక్కనే పెద్దాయన చెప్పిన రెండో సగం ఉండాలి, దాన్నే పారేసుకున్నారు. ఐదో విలువ ఆ భవనంలో పూర్తిగా అమలైంది ఆయనొక్కడి విషయంలోనే.

"కాలేదు సార్, అర్థం కాలేదు," అన్నాను. "నాకు ఇంగ్లిషు తక్కువ."

పెద్దాయనకు చెప్పాను. ఆయన మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ అదే గదికి వచ్చాడు. తలుపు దగ్గర హైదరాబాదీ భాయ్ ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, వెళ్ళాలో ఉండాలో తెలియక.

"చెప్పబ్బాయ్, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. వాడి పేరు తీసేసి నా పేరు వెయ్యమను. వాడికి ఉనైజాలో తమ్ముడున్నాడు. నాకు ఇక్కడ ఎవరూ లేరు. చెప్పమని వాణ్ణి తోసింది కూడా నేనే."

నేను చెప్పాను. మేనేజరు మొహం ఎర్రబడింది. "లేదు, లేదు. అది న్యాయం కాదు. ప్రతి మనిషినీ తన రికార్డును బట్టే చూడాలి. ఒకరి బదులు ఇంకొకరు పోవడం నైతికంగా తప్పు. అలాంటిదానికి మన పద్ధతిలో చోటే లేదు."

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు, అలసట ఉంది. "అయ్యా అని చెప్పబ్బాయ్. అయ్యా, మీ ఐదు మాటలూ పుట్టింది, ఒకాయన అందరి బదులూ పోయాడని నమ్మినోళ్ళ దగ్గరే. వాళ్ళ మాటలు గోడకు తగిలించుకున్నారు. వాళ్ళు చేసిన పనికి చోటు లేదంటున్నారు."

దాన్ని నేను ఇంగ్లిషులో వీలైనంత సరిగ్గా చెప్పాను. గదిలో ఏసీ గరగరమంటోంది. దాని బెల్టు మార్చాల్సిన టైమొచ్చింది, ఆ సంగతి మాత్రం నేను చెప్పలేదు.

మేనేజరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. పని చేసింది హైదరాబాదీ భాయ్. బయటికొచ్చాక పెద్దాయనతో అన్నాడు: "చూడండి, పైనోళ్ళకు కావాల్సింది ముప్పై తలలు. ఎవరి తల అని అడగరు. మీరు రిజైన్ రాసివ్వండి. తల లెక్క సరిపోతది. మూడో లైను నేను తీసేస్త. తెల్లాయన చూడడు. చూడకపోవుడే ఆయనకు మంచిగుంటది."

"రాసిస్తా. పెన్నియ్యి."

"పెద్దాయనా, ఇంకోసారి సోంచాయించండి. ఇరవై రెండేళ్ళు."

"చాల్లే, పెన్నియ్యి."

మూడో లైను పోయింది. మిగతా ఇరవై తొమ్మిది లైన్లకు మాత్రం ఏ పెద్దాయనా దొరకలేదు. ఆ మాట ఎవరైనా మర్చిపోతారేమోనని రాస్తున్నాను. ఒకడు మిగిలాడని కథ బాగుందనుకోకండి. ఇరవై తొమ్మిది మంది నిజం చెప్పి ఇంటికి పోయారు. వాళ్ళ పేర్లు టైపు చేసింది నేను.

పెద్దాయన విమానమెక్కిన మర్నాడు పొద్దున మీటింగు. మేనేజరు రాత్రంతా నిద్రపోనట్టున్నాడు. ముందుకొచ్చి, "మన సహోద్యోగి ఒక గొప్ప త్యాగం చేశాడు. మన కంపెనీ విలువలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు," అన్నాడు. తర్వాత జగిత్యాల అన్న వైపు చెయ్యి చూపించి, నాలుగు మాటలు చెప్పమన్నాడు.

అన్న వద్దన్నట్టు తల ఊపాడు. మళ్ళీ రమ్మన్నాడు. అన్న వచ్చి హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను తప్పు చేసిన. ఒప్పుకున్న. పెద్దాయన ఏ తప్పు చెయ్యలే, ఆయనను పంపిన్రు. గాయన త్యాగం చేసిండు, మంచిదే. మీరేం చేసిన్రు సార్? ఆయన ఇచ్చింది తీస్కున్నరు, గంతే. దాన్ని మీ విలువ అని చెప్పుకోకుండ్రి. గది ఆయనది. ఇగ నేను ఏ కార్డు రాయ. ఎవలన్న సచ్చేటట్టుంటే ఆనికే పోయి చెప్త, మీ పెట్టెల వెయ్య."

అందరూ నా వైపు చూశారు. నాకు మసాలా వెయ్యడానికి చాలా మంచి అవకాశం. "ఈయన చాలా సంతోషించాడు సార్" అనొచ్చు. అంతకుముందు ఎన్నోసార్లు అలాగే అన్నాను. ఆ రోజు ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా ఇంగ్లిషులోకి మార్చాను. తర్వాత హిందీలోకి. ఎవరూ నవ్వలేదు. ఆ ఉద్యోగంలో నేను సరిగ్గా చేసిన పని అదే అనుకుంటాను.

నిజాయితీగా మాట్లాడినందుకు మేనేజరు అన్నకు ధన్యవాదాలు చెప్పాడు. నాలుగు నెలలకు కంపెనీ నాతో సహా ఇంకో కొంతమందిని తగ్గించింది. ఈసారి షీటు వాడలేదు. అందులో కొత్త పేర్లు లేవు. కార్డులు రావడమే ఆగిపోయింది. త్రుటిలో తప్పిన ప్రమాదం ఒక్కటి కూడా నమోదు కాలేదని హెడ్డాఫీసు మెచ్చుకుని ఒక షీల్డు పంపింది. ఆ షీల్డు విప్పి అలమరలో పెట్టింది నేనే, నా చివరి వారంలో.

అన్నకు దొరికిన గడువు సరిపోయింది. ఉనైజాలో కేసు తేలింది, హురూబ్ తీసేశారు, తమ్ముడికి ఎగ్జిట్ కొట్టారు. నేను అప్పటికి నిజామాబాద్‌లో మా ఇంట్లో బనీను దశలోకి వచ్చేశాను. తమ్ముడు హైదరాబాద్‌లో దిగాడని అన్న ఫోన్ చేశాడు. మర్నాడు సాయంత్రం పెద్దాయన నుంచి ఫోను.

"అబ్బాయ్, ఈ పిల్లోడు ఇంటికి పోకుండా సూట్‌కేసు పట్టుకుని ఇటొచ్చాడేంది? జగిత్యాల ఎక్కడ, మా ఊరెక్కడ?"

"మీ మొకం చూసి పోదమని అచ్చిండు కావచ్చు."

"చూశాడుగా. ఏం మాట్లాడడు, అట్టా కూర్చున్నాడు. మా ఆవిడ చేపల పులుసు పెట్టింది, తింటున్నాడు. రేపు బస్సెక్కిస్తా."

నేను ఉండబట్టలేక అడిగాను. "పెద్దాయనా, ఆ తెల్లాయన మీద మీకు కోపం లేదా?"

"లేకేం? ఉంది. రోజూ పొద్దున్నే క్షమిస్తా. సాయంత్రానికి మళ్ళీ వస్తది. మళ్ళీ పొద్దున్నే మొదలు."

"నేను ఒక్కసారి కూడా మొదలుపెట్టలే."

అవతల కంచం జరిపిన చప్పుడు, ఇంకొంచెం వడ్డించమని ఎవరితోనో చెప్పడం వినపడింది.

"పెట్టకపోతే మానె," అన్నాడు. "క్షమించినట్టు నటన మాత్రం చెయ్యమాక. దానికన్నా కోపంగా ఉండు."

ఆయన చెప్పినవాటిలో ఆ ఒక్కదాన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.